ఆగయ్య వేసిన వంపు

పగలు పన్నెండు దాటింది. తెల్లారకముందు పట్టిన ముసురు ఇంకా తెరిపియ్యలేదు. పొద్దున చాయ్‌లో ముంచుకుని తిన్న డబల్‌రొట్టె ఎప్పుడో అరిగిపోయింది. మా సద్ది డబ్బాలు భూపాల్ జీపులో ఉన్నాయి. భూపాల్ అంటే మా కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు. పట్టాలు కోసే కట్టర్‌కు గ్యాస్ సిలిండర్ తెస్తానని గోదావరిఖని పోయినవాడు ఇంకా తిరిగి రాలేదు. మేం ఐదుగురం కూలీలం గుట్ట కింద తడుస్తూ నిలబడ్డాం. ఆకలికి నాకు కళ్ళు మసకలు కమ్ముతున్నాయి.

మా పని పాత టబ్బు లైను పీకి లారీకెత్తడం. బొగ్గు గనిని మా దిక్కు బాయి అంటాం. ఈ గుట్ట కింద ఒకప్పుడు ఒక బాయి నడిచింది. అందులో తవ్విన బొగ్గును నాలుగు చక్రాల చిన్న ఇనుప టబ్బుల్లో నింపి, మోకుతో పైకి లాగేవాళ్ళు. ఆ టబ్బులు నడవడానికి వేసిందే ఈ లైను. ఎంత సన్నం లైనంటే, మధ్యలో నిలబడి కాళ్ళు ఎడం చేస్తే రెండు పాదాలూ రెండు పట్టాలకు ఆనుతాయి. బాయి నోటి దగ్గర మొదలై, గుట్టను చుట్టుకుని, పెద్ద రైలు బోగీలు నింపే బంకరు దాకా పోతుంది. బాయి మూతపడ్డాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. తుమ్మలు మొలిచాయి, మేకలు మేశాయి. ఇప్పుడు పాత ఇనుము కింద మా కాంట్రాక్టరు తీసుకున్నాడు. మేం బంకరు వైపు నుంచి పీకుతూ వస్తున్నాం.

"రాయమల్లన్నా, ఇంకో గడియ గిట్లనే ఉంటె ఈ చెక్కనే కొరుక్క తింట," అన్నాడు అంజి, పట్టాల కింది స్లీపర్ చెక్కను కాలితో తన్ని.

"చెదలు తిన్నంక నీకేం మిగిలింది రా దాంట్ల," అన్నాను.

అప్పుడే మక్క కంకులు కాలుతున్న వాసన వచ్చింది. లైను గుట్టను తిరిగే చోట, వంపు పక్కన, రేకుల గది ఒకటుంది. ఒకప్పుడు మోకు లాగే ఇంజన్ అందులో ఉండేది. దాంట్లోంచి ఒక ముసలాయన యూరియా బస్తాను గొంగడి లాగా నెత్తిన కప్పుకుని మా దిక్కు వచ్చాడు. చేతిలో తువ్వాల మూట. విప్పితే అయిదారు కంకులు, ఇంకా పొగలొస్తున్నాయి.

"తినుండ్రి. తిన్నంక తిడత," అన్నాడు.

"ఎందుకు కాకా తిడుతవ్?"

"ముందుగాల తినుండ్రి బిడ్డా. ఆకలి మీదున్నోన్ని తిడితె వాడు ఇనడు."

అతని పేరు ఆగయ్య. డెబ్భై దాటి ఉంటాడు. మనిషి సన్నం, వేళ్ళు మాత్రం లావు. మేం తినేదాకా ఓపిక పట్టి, అప్పుడు మేం కోసి పడేసిన పట్టాలు చూపించి మొదలుపెట్టాడు.

"ఏంది గిది? గొర్రెను కోసినట్టు కోసిండ్రు. గడ్డపార పెట్టి వంకర జేసిండ్రు. గీ లైన్ మీకేం పాపం చేసింది?"

"ఇనుముకు పోయేదే కద కాకా," అన్నాడు అంజి.

"పోయేదైతె పోనీ. గిట్ల పోవాల్నా?"

తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "ఒక్కటి అడుగుత. మీరు ఎంతన్న పీకుండ్రి, ఆ వంపును మాత్రం సోమారం దాక ముట్టకుండ్రి. సారు కాగితం తెస్తా అన్నడు."

సారు అంటే వేదవ్యాస్. మంథనివాళ్ళ పిల్లగాడు, కంపెనీ ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు. కొలతల పని మీద వచ్చి, ఆగయ్య చెప్పే ముచ్చట్లు విని, చాలాసేపు వంపు దగ్గరే కూర్చున్నాడట. వంపు నుంచి బాయి నోటి దాకా ఉన్న ముక్కను అట్లే ఉంచి, దాని మీద ఒక టబ్బు నిలబెట్టి, వెనకటి రోజుల్లో బొగ్గు ఎట్లా తీశారో పిల్లలకు చూపించాలని ఆయన ఆలోచన. పైనుంచి సంతకం కావాలి, సోమవారానికి తెస్తానన్నాడు. పోతూపోతూ ఒక మాట కూడా చెప్పాడట: "ఉన్నదాన్ని ఉంచుమని అడగగలను పెద్దాయనా. పీకేసిన తర్వాత మళ్ళీ వెయ్యమని అడగలేను."

ఆగయ్యకు ఆ మాట మంత్రం లాగా కంఠతా వచ్చింది. కలిసిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆ ముక్క మీద అతనికి ఎందుకంత ప్రాణమో ఆ వారంలో పని మధ్య కొంచెం కొంచెంగా తెలిసింది. ఆగయ్యది కమాన్‌పూర్ అవతల ఊరు. పద్దెనిమిదేళ్ళకు బాయిలోకి దిగాడు. మొదట టబ్బులకు బొగ్గెత్తాడు, తర్వాత వాటిని తోశాడు, ఆ తర్వాత ఒక ముసలి మేస్త్రి వెనక పట్టాలేసే పని నేర్చుకున్నాడు. భూమి లోపల సొరంగం ముందుకు పోయినకొద్దీ లైను కూడా ముందుకు పోవాలి. బొగ్గు అయిపోయిన చోట తీసి, ఉన్న చోట వెయ్యాలి. రిటైరయ్యి దిగిపోయేదాకా ఆగయ్యది అదే పని.

గుట్ట దగ్గరి వంపు అతను మేస్త్రి అయిన ఏడాది వేసింది. అంతకుముందు అక్కడ టబ్బులు రోజూ పడేవి. మోకు లోపలి దిక్కు గుంజేది, టబ్బు బయటి దిక్కు ఒరిగేది. పడ్డ టబ్బును ఎత్తి మళ్ళీ నిలబెట్టేసరికి తోసేవాళ్ళ నడుములు విరిగేవి. ఆగయ్య ముఠా లైనంతా విప్పి, పట్టాలను చేతి మరతో కొద్దికొద్దిగా వంచి, బయటి పట్టాను ఎత్తు చేసి, మోకు ఒరుసుకోకుండా పొర్లుడు చక్రాలు పెట్టింది. మొదటి టబ్బులు తిరిగిన రోజు బాయి నోటి మైసమ్మ దగ్గర కొట్టాల్సిన కొబ్బరికాయను టబ్బులు తోసేవాళ్ళు అడిగి మరీ ఆ వంపు మీద కొట్టారట.

"గప్పటి సంది ఒక్క టబ్బు పడలే," అనేవాడు ఆగయ్య.

"రెండు పడ్డయ్," అనేది అతని భార్య లస్మవ్వ. "ఒకటి నేనే చూసిన."

"అది కల్లు తాగినోడు తోసిండే. లైన్‌ది కాదు తప్పు."

తర్వాత మెషీన్లు దిగాయి. బొగ్గు బెల్టు మీద పైకి వచ్చింది. టబ్బులు ఒక మూలకు చేరాయి. ఇంకొన్నేళ్ళకు బాయే మూశారు, మోటార్లు పీకేశారు, కింద నీళ్ళు నిండాయి. అతని ఊరు నేలంతా పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు కింద పోయింది. ఇప్పుడు ఆ ఊరున్న చోట మట్టికుప్పలు గుట్టతో పోటీ పడుతున్నాయి.

"నేను ఏసిన లైన్లన్ని నీళ్ళల్ల ఉన్నయ్ రాయమల్లు," అన్నాడొకసారి. "ఊరు కుప్ప కింద ఉన్నది. గిది నా చేతితోని చేసింది అని ఒకనికి చూపెట్టాల్నంటె గీ వంపొక్కటే ఉన్నది."

నేనూ ఇరవై ఏళ్ళుగా కూలి చేస్తున్నాను. నా పని ఎక్కువ పీకేదే.

దిగిపోయాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి మొగుడూ పెళ్ళాం నస్పూర్‌లో బిడ్డ యమున దగ్గరికి పోయారు. అల్లుడిది మంచి మనసే. ఆగయ్య మాత్రం అక్కడ నిలవలేదు. చూసి వస్తానని వచ్చి ఇంజన్ గదిలో మకాం పెట్టాడు. లస్మవ్వ తిట్టుకుంటూ వెనకే వచ్చింది. పొద్దున్నే వంపు మీద మొలిచిన గడ్డి పీకడం, బోల్టులకు నూనె పుయ్యడం అతని డ్యూటీ. జీతం లేదు, షిఫ్టు లేదు.

ఇంక మా పని సంగతి. వానకు గ్యాస్ కట్టర్ సరిగ్గా మండలేదు. మేకులు తుప్పుకు చెక్కలోనే కరిచి పట్టుకున్నాయి. గడ్డపార పెట్టి నలుగురం వేలాడినా కదలవు. అట్లా మొండికేసిన చోట పట్టా వంగింది, చెక్క పగిలింది, ఒకసారి గడ్డపార జారి అంజి కాలి బొటనవేలు చితికింది. ఆ వేగంతో మేం సోమవారానికి వంపు దరిదాపుల్లోకి కూడా వచ్చేవాళ్ళం కాదు. ఆగయ్య దూరంగా రాయి మీద కూర్చుని చూసేవాడు. అతను అట్లనే ఊరుకుని ఉంటే కథ ఇంకో రకంగా ఉండేది.

అంజి వేలు చితికిన రోజు అతను ఊరుకోలేకపోయాడు. లేచి వచ్చి నా చేతిలో గడ్డపార గుంజుకున్నాడు.

"మేకు పైకి రావాల్నంటె ముందుగాల కిందికి ఒక దెబ్బ కొట్టాలె. తుప్పు పట్టు విడుస్తది. గప్పుడు ఎత్తు."

కొట్టాడు. కిర్రుమంది. గడ్డపార ఆనించి ఎగేస్తే మేకు పంటిలాగా ఊడి వచ్చింది.

"వారెవ్వా కాకా!" అన్నాడు అంజి, కాలు పట్టుకునే.

రెండు పట్టాలను కలిపే ఇనుప పలకల బోల్టులు ఎట్లా విప్పాలో చూపించాడు. పని చాలించే ముందు కాలిన ఇంజన్ ఆయిల్ పోసి పెట్టాలి, పొద్దుటికి నానుతుంది, నట్టును పక్క నుంచి తట్టి తిప్పాలి. పట్టాను నడుమ కాదు, రెండు కొసలూ పట్టి ఒక్కసారే లేపాలి.

గది ముందు బియ్యం చెరుగుతున్న లస్మవ్వ చేట ఆపి అరిచింది. "ఓ ముసలోడా! నీ ఇల్లు కూలగొట్టెటోనికి నిచ్చెన ఏస్తున్నవా?"

"నోరు మూయే. గిట్ల వంకర జేస్తుంటె చూసుకుంట కూసుంటనా?"

"చూడకు. లోపటికొచ్చి పండుకో."

అతను పోలేదు. పక్కకు పిలిచి అడిగాను. "కాకా, నువ్వు గిట్ల చూపెడితె మాది జల్ది అయితది. వంపు దాక వస్తం గద?"

నవ్వాడు. "లైన్ ఎత్తుడంటె ఏమనుకున్నవ్ బిడ్డా? మా ముఠా గింత లైన్ ఎత్తాల్నంటె నెల పట్టేది. బతుకమ్మ దాటినంక గాని మీరు వంపు దగ్గరికి రారు. ఫికర్ చెయ్యకు."

అతని లెక్క అతని కాలానిది. వాళ్ళు లైను ఎత్తేది ఇంకో చోట వెయ్యడానికి. తీసిన ప్రతి మేకునూ సాపు చెయ్యాలి, బోల్టుకు నట్టు బిగించి డబ్బాలో పెట్టాలి, చెక్కను తట్టి మంచిదో కాదో చూడాలి, ఏ పట్టా పక్కన ఏది ఉండేదో సుద్దముక్కతో రాయాలి. మాకు అవేవీ లేవు. పీకింది పీకినట్టు లారీలోకి విసిరేయడమే. ఎత్తడం అంటే సగం పని తీసిన సామాను దాచిపెట్టడమే అని అతని తల్లో నాటుకుపోయింది. దాచేది లేనప్పుడు పని ఎంత తొందరగా తెములుతుందో ఆలోచించనే లేదు.

అందరం మేస్త్రీ అని పిలవడం మొదలుపెట్టాం. ఆ పిలుపుతో ముసలాయన నడక మారింది, గొంతు లేచింది. "జోర్ లగాకే" అని అతనంటే మేం "హైసా" అని పట్టా లేపేవాళ్ళం. భూపాల్ వచ్చి చూసి నోరు తెరిచాడు. "పెద్దాయనా, నువ్వు మొదటి దినమే దొరుకుతె నాకు సగం గ్యాస్ మిగులుతుండె," అన్నాడు. ఆగయ్య సిగ్గుపడ్డాడు. ఇంటికి పోతుంటే, "రేపు జల్ది రాండ్రి, నూనె బాగ దిగుతది," అని వెనక నుంచి కేకేసేవాడు. లస్మవ్వ కూడా తిట్టడం మానేసింది. "ఎన్నొద్దులకు ముసలోడు కడుపునిండ తింటున్నడు," అని నాతో మెల్లగా అంది.

మేం పని చేసేటప్పుడు మొఖాలు బంకరు దిక్కు ఉండేవి. ముందున్న జాయింటును విప్పుతూ, వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చాం. వంపు మా వీపుల వెనక ఉంది. శుక్రవారం పొద్దుగూకే వేళ ఆగయ్య నడుం పట్టుకుని లేచి వెనక్కి తిరిగాడు. మేం వదిలిన చోటికీ వంపు మొదటి పట్టాకూ మధ్య ఒక లారీ నిలబడేంత జాగా కూడా లేదు.

ఆ జాగాను అడుగులేసి కొలిచాడు. "గింత జల్ది ఎట్లొచ్చినం?" అన్నాడు.

"నువ్వే తోల్కొచ్చినవ్," అంది లస్మవ్వ. ఆ మాటలో వెటకారం లేదు.

శనివారం వాన విడిచింది. భూపాల్ పొద్దున్నే వచ్చాడు. ఆగయ్య అతని జీపు దగ్గరికి నడిచి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, సోమారం దాక ఆపు. సారు వస్తడు."

"కాగితం ఉన్నదా?"

"తెస్తడు."

"తెచ్చినంక చూద్దాం. లారీ వచ్చి నిలవడ్డది పెద్దాయనా. నోటిమాట మీద నేనెట్ల ఆపుత? నా నౌకరి పోతది."

నేను ఆగయ్య ఫోన్ తీసుకుని వేదవ్యాస్‌కు చేశాను. ఎత్తాడు. హైదరాబాదులో ఉన్నాడు. "సంతకం అయ్యింది, కాగితం చేతికి రావాలె. రెండు రోజులు ఆపమనండి, ప్లీజ్," అన్నాడు. ఫోన్ భూపాల్‌కిచ్చాను. అతను "సార్, సార్" అంటూ విని, "మా కాంట్రాక్టరుకు చెప్పుండ్రి సార్," అని పెట్టేశాడు. కాసేపటికి కాంట్రాక్టరే భూపాల్‌కు ఫోన్ చేశాడు. ఏమన్నాడో మాకు వినిపించలేదు. భూపాల్ మొఖం చూస్తే తెలిసింది.

"మేం పని చెయ్యం," అన్నాడు అంజి. "సోమారం చేస్తం."

"చెయ్యకుండ్రి. బసంత్‌నగర్ నుంచి ఇంకో ముఠా పిలుస్త. గ్యాస్ పెట్టి గంటల ముక్కలు కోస్తరు. నాకేంది?"

భూపాల్ ఫోన్ తీశాడు. అప్పుడు ఆగయ్య అన్నాడు:

"ఆళ్ళను పిలవకు. కోసుడు వద్దు. నేను ఇప్పుత."

"కాకా, నువ్వెందుకు..." అన్నాను.

"గిది నేను ఏసింది. ఎవడో వచ్చి కోస్తడా?"

మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. వంపు బోల్టులకు రోజూ నూనె పూసినవాడు కదా, అవి చేత్తో తిప్పితేనే తిరిగాయి. ఒక్కో మేకును ముందు కిందికి కొట్టి, తర్వాత పైకి లేపి, పక్కన వరసగా పేర్చాడు. నట్టును బోల్టుకు బిగించి ఒక కుప్ప పోశాడు. మా దగ్గర దాచే అలవాటు లేదని తెలిసి కూడా, తన ముఠా చేసినట్టే చేశాడు. బరువు లేపేటప్పుడు మాత్రం మమ్మల్ని పిలిచాడు. "జోర్ లగాకే" అనలేదు. చెయ్యి ఎత్తి సైగ చేస్తే లేపాం. పొద్దు వాలేసరికి వంపూ, బాయి నోటి దాకా ఉన్న ముక్కా లేచిపోయి, గుట్ట పక్కన వంకర తిరిగిన కంకర బాట ఒక్కటే మిగిలింది.

వంగిన పట్టాలు లారీలో పట్టలేదు. కొసలు బయటికి పొడుచుకొచ్చాయి. రోడ్డు మీద పోనియ్యరని భూపాల్ గ్యాస్ కట్టర్ తెప్పించాడు. ఆ రోజు అది బాగానే మండింది. మొదటి పట్టా తెగుతున్న చప్పుడుకు ఆగయ్య గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నేను లారీ దగ్గర నిలబడి చూశాను. అతను చేతి మరతో వంచిన పట్టా అది. ఏళ్ళ తరబడి దాని మీద బొగ్గు నడిచింది. తెగి పడితే నా చెయ్యంత ముక్క. ఇట్లాంటి ముక్కలు ఎన్ని ఎత్తానో నాకే తెలియదు. వాటిని ఎవరు వేశారో అంతకుముందు ఎన్నడూ అడగలేదు.

సోమవారం వేదవ్యాస్ నిజంగానే వచ్చాడు. మోటార్‌సైకిల్ గుట్ట మొదట్లో ఆపి, సంచిలోంచి కాగితం తీసి చేత పట్టుకుని నడిచి వచ్చాడు. మేం మిగిలిన చెక్కలు ఎత్తుతున్నాం. కంకర బాట మీద ఇటూ అటూ చూస్తూ వచ్చి, వంపు దగ్గర నిలబడిపోయాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వరసగా పేర్చిన మేకులు అక్కడే ఉన్నాయి. ఒకటి ఎత్తి చూశాడు.

"ఒక్క చెక్క కూడ పగల్లేదు. ఇంత నీట్‌గా తీసిందెవరు?"

అంజి తల వంచుకున్నాడు. ఆగయ్య గది గడపలో నిలబడి ఉన్నాడు. సారు అడిగింది అతనికి వినపడే దూరమే.

వేదవ్యాస్ అతన్ని చూసి దగ్గరికి వెళ్ళాడు. "పెద్దాయనా, నేను నిన్ననే రావాల్సింది. ఆదివారం అని..." అన్నాడు. "బాయి నోటి దగ్గర ఇంకేమన్నా చేద్దాం. నేను అడుగుతాను."

ఆగయ్య అతని మొఖంలోకి చూసి తల ఊపాడు. లోపలికి వెళ్ళి బట్టల మూట భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. వెనక లస్మవ్వ, నెత్తిన గిన్నెల గంప.

"కాకా, ఏడికి?" అన్నాను.

లస్మవ్వ ఆగింది. "నస్పూర్ బిడ్డా. యమున దగ్గరికి. గదిల కట్టెలు, రెండు కుండలున్నయ్, అక్కరుంటె తీసుకపోండ్రి." అంజి వేలు చూసి, "పసుపు పెట్టు కొడుకా, తడువనియ్యకు," అంది.

ఆమె మాట్లాడుతుంటే ఆగయ్య ఆగలేదు. కంకర బాట మీదుగా కాకుండా, పొదల మధ్య మేకల దారిన పడి, రోడ్డు దిక్కు దిగిపోతున్నాడు. "మేస్త్రీ!" అని అంజి కేకేశాడు. అతను తిరగలేదు. లస్మవ్వ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి గబగబా అతన్ని అందుకుంది.

మంచిర్యాల బస్సు వచ్చి ఆగింది. లస్మవ్వ కిటికీలోంచి మాకు చెయ్యి ఊపింది. ఆగయ్య అటు పక్క సీట్లో కూర్చున్నాడు.